జిల్లా పేజీకి చరిత్ర లేదా?

ఆదోనికి సొంత దినపత్రిక ఉందా? జగిత్యాలకు? పాలకొల్లుకు? ఎవరిని అడిగినా లేదనే అంటారు. పత్రికలన్నీ హైదరాబాద్‌వి, విజయవాడవి, మన దగ్గరికి వచ్చేది వాటి ఎడిషన్ మాత్రమే అంటారు. పత్రికల చరిత్ర మీద వచ్చిన పుస్తకాలు తిరగేసినా ఇదే అభిప్రాయం కలుగుతుంది. వాటిలో సంపాదకులు ఉంటారు, యజమానులు ఉంటారు, గొప్ప సంపాదకీయాలు ఉంటాయి. ఆదోని గానీ జగిత్యాల గానీ కనిపించవు.

నేను దీనికి ఒప్పుకోను. ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగు పట్టణాలకు సొంత దినపత్రిక ఉంది. మెయిన్ పేపర్ మధ్యలో మడతపెట్టి వచ్చిన చిన్న సైజు పత్రికే అది. దాన్ని అనుబంధం అన్నాం, టాబ్లాయిడ్ అన్నాం, జిల్లా పేపర్ అన్నాం. ఏ పేరుతో పిలిచినా చాలా ఇళ్లలో పొద్దున్నే ముందు విప్పింది దాన్నే. ప్రధాని ఏమన్నారో సాయంత్రం తెలుసుకున్నా కొంపలు మునగవు. మన వీధిలో ఇవాళ కరెంటు ఎప్పుడు పోతుందో, నిన్న బైపాస్ దగ్గర యాక్సిడెంట్ అయింది ఎవరికో, రేషన్ డిపో డీలర్‌ని ఎందుకు సస్పెండ్ చేశారో మాత్రం కాఫీ చల్లారకముందే తెలియాలి. అవన్నీ ఉన్న పత్రికను పత్రికగా లెక్కపెట్టకపోవడం వల్ల రెండు నష్టాలు జరిగాయి. దాన్ని రాసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్లు రాసినదాన్ని ఎవరూ దాచలేదు.

కొన్నేళ్లు నేను ఒక పత్రికలో జిల్లా డెస్కు మీద, అంటే జిల్లా వార్తలు దిద్ది పేజీ కట్టే చోట, సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఆ పేజీ ఎలా తయారవుతుందో రోజూ చూశాను కాబట్టే ఈ విషయంలో ఇంత పట్టుగా మాట్లాడుతున్నాను.

ముందు పాత సంగతి కొంచెం చెప్పుకోవాలి. తెలుగులో తొలినాళ్లలో గట్టిగా నిలబడిన పత్రికలు చాలావరకు చిన్న ఊళ్లవే. వీరేశలింగం గారు వివేకవర్ధని పెట్టింది 1874లో, రాజమండ్రి నుంచి. మొదట్లో మద్రాసులో అచ్చు వేయించి, తర్వాత రాజమండ్రిలోనే సొంతంగా ప్రెస్ పెట్టుకున్నారు. ఆ పత్రిక కోర్టుల్లో, సర్కారు కచేరీల్లో నడిచే లంచాల గురించి రాసింది. ఆ లంచాలు తీసుకున్నవాళ్లు అదే ఊళ్లో, అదే వీధుల్లో తిరిగేవాళ్లు. రాసిన మనిషి కూడా అక్కడే ఉండేవాడు. దూరాన మద్రాసులో కూర్చుని రాయడానికీ దీనికీ చాలా తేడా ఉంది. ఆ తేడా దగ్గరికి మళ్లీ వస్తాను.

1902లో బందరు నుంచి కృష్ణా పత్రిక వచ్చింది. ముట్నూరి కృష్ణారావు గారు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా దాన్ని నడిపారు. నిజాం రాజ్యంలో తెలుగుకు అసలు దిక్కే లేని రోజుల్లో, 1922లో, నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. అదే ఏడు వరంగల్ వైపున ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు తెలుగు పత్రిక తెచ్చారు. గోలకొండ పత్రిక హైదరాబాద్‌లో మొదలైంది ఆ తర్వాత, 1926లో. రాజధానిలో గోలకొండ పత్రిక రాకముందే ఒక పల్లెటూరు తెలుగులో పత్రిక వేసిందన్నమాట. ఈ వాస్తవం తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కానీ ఇవేవీ దినపత్రికలుగా పుట్టినవి కావు. వారపత్రికలు, పక్షపత్రికలు, మాసపత్రికలు. అభిప్రాయాల బలంతో వారపత్రిక బతుకుతుంది. దినపత్రికకు రోజూ టెలిగ్రాఫ్ వార్తలు కావాలి, న్యూస్‌ప్రింట్ కావాలి, ప్రకటనలు ఇచ్చే వ్యాపారులు కావాలి, అచ్చయిన కాపీలను మోసుకుపోయే రైళ్లు కావాలి. అవన్నీ ఉన్నది పెద్ద నగరాల్లో. అందుకే కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. ఆంధ్రప్రభ 1938లో మద్రాసులోనే మొదలైంది. తర్వాత విజయవాడ వంతు వచ్చింది. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి అక్కడి నుంచి వచ్చాయి. అన్ని దిక్కులకూ రైళ్లు పోయే జంక్షన్ కావడం కూడా విజయవాడకు కలిసొచ్చింది. చిన్న పట్టణాల్లో స్థానికంగా చిన్న దినపత్రికలు కొన్ని పుట్టాయి. కొన్ని గౌరవంగా నడిచాయి కూడా. అయితే ఊరంతటినీ అందుకునే బలం వాటికి రాలేదు.

అప్పటి మెయిన్ పేపర్లలో ఒక పట్టణానికి దొరికే చోటు ఎంత? మంత్రి వస్తే నాలుగు లైన్లు, తుఫాను వస్తే అర కాలమ్, హత్య జరిగితే ఇంకాస్త. అదీ రెండో రోజో మూడో రోజో. జిల్లా కేంద్రంలో ఉండే విలేకరికి తెలిసిందే వార్త. తాలూకా ఊళ్లలో జరిగేది ఆయన దాకా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. వివేకవర్ధని పుట్టి సరిగ్గా నూరేళ్లు. రామోజీరావు గారు హైదరాబాద్‌నీ విజయవాడనీ వదిలి విశాఖను ఎంచుకోవడం వెనుక లెక్క సూటిగా ఉంది. విశాఖలో అచ్చయ్యే పెద్ద తెలుగు దినపత్రిక లేదు. బయటి నుంచి వచ్చే పేపర్ చేతికందేసరికి పొద్దెక్కేది. అక్కడే అచ్చు వేసి తెల్లవారేసరికి గుమ్మంలో వేస్తే ఆ ఊరు మనదవుతుంది. అయింది కూడా. తర్వాత హైదరాబాద్, విజయవాడ, తిరుపతి, ఇలా అచ్చు కేంద్రాలు పాఠకుడికి దగ్గరగా జరుగుతూ వచ్చాయి. 1989లో జిల్లాకొక టాబ్లాయిడ్ వచ్చింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టక తప్పలేదు. 2008లో సాక్షి వచ్చేనాటికి ఒకే రోజు 23 కేంద్రాల నుంచి మొదలుపెడితే తప్ప పోటీలో నిలబడలేని పరిస్థితి.

ఇది అందరూ చెప్పే కథే. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది, తగినంతగా ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది: మండలాలు. 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలను, పంచాయతీ సమితులను తీసేసి వెయ్యికి పైగా మండలాలు ఏర్పాటు చేసింది. అంతకుముందు ఎక్కడో తాలూకా కేంద్రంలో ఉండే ఆఫీసులు ఒక్కసారిగా పల్లెలకు దగ్గరికి వచ్చాయి. ప్రతి మండలానికీ ఒక ఎమ్మార్వో, ఒక ఎండీవో, ఒక మండలాధ్యక్షుడు. ఎవరిని అడగాలో, ఏ ఆఫీసు ముందు ధర్నా జరుగుతుందో, అర్జీ ఎక్కడ పెండింగ్‌లో ఉందో ఇప్పుడు ఒక చిరునామా ఉంది. పత్రికలకు ఇది గీసిపెట్టిన మ్యాపులా దొరికింది. మండలానికొక విలేకరి. నాలుగేళ్లు తిరిగేసరికి జిల్లా టాబ్లాయిడ్ వచ్చింది. మండలాలే లేకపోతే ఆ పేజీలు రోజూ నిండేవి కావని నా నమ్మకం.

వాటిని నింపినవాడు కంట్రిబ్యూటర్.

ఆయన పత్రిక ఉద్యోగి కాదు. స్కూల్లో మాస్టారో, ఎల్ఐసీ ఏజెంటో, కిరాణా కొట్టు యజమానో, డిగ్రీ చదివి ఉద్యోగం దొరకని కుర్రాడో అయ్యుంటాడు. కొన్నిచోట్ల పేపర్ ఏజెంటూ విలేకరీ ఒక్కరే. తొంభైలలో ఆయన పని ఎలా నడిచేదో చెబుతాను. పొద్దున్న పోలీస్ స్టేషన్, తర్వాత మండలాఫీసు, మధ్యాహ్నం ఆస్పత్రి. మూడింటికల్లా తెల్ల కాగితాల మీద ఒకవైపే, లైనుకీ లైనుకీ మధ్య జాగా వదిలి వార్తలు రాయాలి. ఎందుకంటే ఆ జాగాలో మేం దిద్దుకోవాలి. అవన్నీ కవర్‌లో పెట్టి, పైన "ప్రెస్ మేటర్, అర్జెంట్" అని రాసి, ఎడిషన్ ఉన్న ఊరికి పోయే ఆర్టీసీ బస్సు కండక్టర్ చేతికి ఇవ్వాలి. ఫొటో ఉంటే ఫిల్మ్ రోలే పంపాలి. ఇవతల బస్టాండులో పత్రిక డబ్బా ఉంటుంది. ఆఫీస్ బాయ్ సైకిల్ మీద వెళ్లి కవర్లు తెచ్చేవాడు. బస్సు దారిలో చెడిపోతే ఆ రోజు ఆ మండలంలో ఏమీ జరగనట్టే. వర్షాకాలంలో కవర్ తడిసి, ఇంకు అలుక్కుపోయి, చనిపోయిన మనిషి పేరు రామయ్యో రాఘవయ్యో తెలియక ఆ ఊళ్లో ఫోన్ ఉన్న ఏ ఇంటికో ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చేది. పేరు తప్పు పడితే మర్నాడు ఆ కుటుంబానికి ముఖం చూపించాల్సింది కంట్రిబ్యూటరే, డెస్కు కాదు.

డబ్బు సంగతి. దాన్ని లైన్ అకౌంట్ అంటారు. నెలాఖరుకి కంట్రిబ్యూటర్ తన వార్తలన్నీ పత్రికలోంచి కత్తిరించి, తెల్ల కాగితాలకు జిగురుతో వరసగా అంటించి, స్కేలు పెట్టి కొలిచి, ఇన్ని సెంటీమీటర్లు అని కింద కూడిక వేసి పంపాలి. సెంటీమీటరుకి ఇంతని లెక్క. తారీఖు తప్పు వేసినా, ఏదన్నా కటింగు అంటించడం మరిచిపోయినా ఆ డబ్బు పోయినట్టే. డెస్కులో చోటు చాలక చివరి పేరా తీసేస్తే వార్తతో పాటు ఆయన కూలీ కూడా తగ్గుతుంది. ప్రకటన ఎక్కువై పేజీలో సగం పోతే ఆ రోజు జిల్లా మొత్తం కంట్రిబ్యూటర్ల సంపాదన సగమవుతుంది. నెలంతా తిరిగితే వచ్చేది పెట్రోలుకి సరిపోతే గొప్ప.

పైగా యాడ్ టార్గెట్. జనవరి 26కి, ఆగస్టు 15కి, పత్రిక వార్షికోత్సవానికి, ఎమ్మెల్యే పుట్టినరోజుకి ఇన్ని వేలని మండలానికొక కోటా పడేది. నిన్న ఏ సర్పంచి మీద వార్త రాశాడో ఇవాళ ఆ సర్పంచి దగ్గరికే శుభాకాంక్షల ప్రకటన కోసం వెళ్లాలి. ఇంతటి ఇబ్బందిలోకి మనిషిని నెట్టి, తర్వాత "విలేకరులు చెడిపోయారు" అనడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపించింది. డబ్బులు గుంజిన విలేకరులు లేరని నేను అనను. ఉన్నారు, వాళ్ల వల్ల నష్టపోయినవాళ్లూ నాకు తెలుసు. కానీ జీతం ఇవ్వకుండా, గుర్తింపు కార్డు ఒక్కటే చేతిలో పెట్టి, మనిషిని బజారులోకి తోలిన ఏర్పాటు ఎవరిది? ఆ లెక్క మొదలు అక్కడి నుంచి కదా వేయాలి.

పేరు కూడా దక్కలేదు. ఈనాడు జిల్లా వార్తలు చూడండి. ఊరి పేరు పక్కన "న్యూస్‌టుడే" అని ఉంటుంది. ఇతర పత్రికల్లోనూ ఊరి పేరు, పత్రిక పేరు మాత్రమే. మూడు దశాబ్దాల పాటు ఒక మండలం గురించి రాసిన మనిషి పేరు ఆ మండలం చరిత్రలో ఎక్కడా ఉండదు. ప్రత్యేక కథనానికి ఎప్పుడన్నా పేరు పడితే ఆ పేపర్‌ను ఇంట్లో దాచుకునేవాళ్లు.

ఇలా రాయించుకున్న పేజీ ఏం సాధించిందంటే, నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంట చూపిస్తాను. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు, చదువుకున్న పాఠంలో తమ బతుకే కనిపించి, ఊళ్లో సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అలా బయటికొచ్చింది. ఇది ఒక్క ఊరి విషయంగా మిగిలిపోవాల్సింది. పక్క మండలం ఆడవాళ్లకు ఎలా తెలిసింది? ఆ పక్క మండలానికి? బడిలో కొత్తగా అక్షరాలు నేర్చుకున్నవాళ్లకు, ఫలానా ఊళ్లో సారా బండిని అడ్డుకున్నారని, ఫలానా ఊళ్లో ప్యాకెట్లు తగలబెట్టారని రోజూ చదివి వినిపించడానికి దొరికింది జిల్లా పేజీ. 1991 జనాభా లెక్కల్లో రాష్ట్ర అక్షరాస్యత 44 శాతమే. అయినా ఒకరు చదివితే పదిమంది వినేవాళ్లు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరపలేక పదేపదే వాయిదా వేశారు. ఈనాడు "సారాపై సమరం" అని ప్రత్యేక పేజీయే నడిపింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

చరిత్రకారులు ఈ ఉద్యమం గురించి చాలా రాశారు, పత్రికల పాత్ర గురించీ రాశారు. యాజమాన్యం తీసుకున్న నిర్ణయాన్ని మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ పేజీకి రోజూ ఊరూరి నుంచి వార్తలు పంపినవాళ్లు సారా కాంట్రాక్టర్లు ఉన్న ఊళ్లలోనే కాపురం ఉన్నవాళ్లు. మద్రాసు నుంచి రాయడానికీ రాజమండ్రి నుంచి రాయడానికీ తేడా ఉందన్నాను కదా, అది ఇదే. సంపాదకుడి ఇంటికి కాంట్రాక్టర్ మనుషులు వెళ్లరు. కంట్రిబ్యూటర్ ఇంటికి వెళతారు. 2014 నవంబరులో చిలకలూరిపేటలో ఆంధ్రప్రభ విలేకరి ఎం.వి.ఎన్. శంకర్‌ను కొట్టి చంపారు. 2019 అక్టోబరులో తుని ప్రాంతంలో ఆంధ్రజ్యోతి విలేకరి కాతా సత్యనారాయణను నరికి చంపారు. ఇద్దరూ చిన్న ఊళ్ల విలేకరులే. పత్రికా స్వేచ్ఛ గురించి సభలు జరిగినప్పుడు ఈ పేర్లు ఎంతమంది తలుస్తున్నారు?

జిల్లా పేజీ మీద ఒక పెద్ద విమర్శ ఉంది. దాన్ని నేను కాదనను. పేజీలు జిల్లాల వారీగా విడగొట్టడంతో పక్క జిల్లాలో ఏం జరుగుతోందో కనిపించకుండా పోయింది. శ్రీకాకుళం వార్త శ్రీకాకుళంలోనే ఉండిపోయింది, అనంతపురం కరువు అనంతపురంలోనే ఉండిపోయింది. ఒకే కాలువ మీద పై జిల్లా రైతు ఒక పేపర్ చదివాడు, కింది జిల్లా రైతు వేరే పేపర్ చదివాడు. ఇద్దరికీ నీళ్ల గొడవే, కానీ ఒకరి బాధ ఒకరికి తెలియలేదు. మా డెస్కులోనే జిల్లా సరిహద్దులో ఉన్న ఊళ్ల వార్త ఏ పేజీలో వెళ్లాలన్నది రోజూ తేలని పంచాయితీ. నది ఇవతల గట్టు ఒక జిల్లా, అవతల గట్టు ఒక జిల్లా అయితే, పడవ మునిగినప్పుడు చనిపోయినవాళ్లు రెండు పేజీల్లో సగం సగంగా పడేవాళ్లు. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పేజీల సరిహద్దులు ఇంకా దగ్గరపడ్డాయి.

ఇంకో మచ్చ పెయిడ్ న్యూస్. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని వార్తల రూపంలో ప్రచారం వేసిన సంగతి దేశమంతా మాట్లాడుకుంది. దాన్ని లెక్కలతో సహా బయటపెట్టే ప్రయత్నం చేసినవాళ్లలో ముందున్నది మన జర్నలిస్టుల సంఘం ఏపీయూడబ్ల్యూజే. పశ్చిమగోదావరి జిల్లాను నమూనాగా తీసుకుని పరిశీలించింది. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో ఉన్న ఇద్దరు జర్నలిస్టుల్లో ఒకరు మన కె. శ్రీనివాసరెడ్డి గారు, రెండోవారు పరంజయ్ గుహా ఠాకుర్తా. 2010లో వాళ్లిచ్చిన పూర్తి నివేదిక, సమాచార హక్కు కింద ఆదేశం వచ్చాక 2011లో గానీ జనం చేతికి రాలేదు. ఆ అవినీతి ఎక్కువగా అచ్చయింది జిల్లా పేజీల్లోనే. నేను దాన్ని దాచను. కానీ దాన్ని పట్టుకోవడానికి ఆధారంగా నిలిచినవి కూడా ఆ పేజీలే. మర్నాడు పాత పేపర్ల వాడికి వేసేసి ఉంటే రుజువు చేసేది దేంతో?

ఇక్కడి నుంచే అసలు నా బాధ మొదలవుతుంది. ఆ పేజీలు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి?

నాకు తెలిసిన ఒక గ్రంథాలయంలో తొంభైల నాటి పత్రికల ఫైళ్లు అడిగాను. బైండు చేసి ఉన్నాయి, అట్టలు చెదలు తిన్నా లోపల బాగానే ఉన్నాయి. తెరిచి చూస్తే అన్నీ మెయిన్ పేపర్లు. టాబ్లాయిడ్ ఒక్కటీ లేదు. బైండింగుకి సైజు కుదరదని పక్కన పెట్టేసేవాళ్లమని అక్కడ పనిచేసే పెద్దాయన చెప్పారు. పక్కన పెట్టినవి ఏమయ్యాయంటే, ఏడాదికోసారి తూకానికి వేశారు. ఆయన తప్పేమీ లేదు. దాచమని ఎవరూ చెప్పలేదు. అవే తారీఖుల మెయిన్ పేపర్ దేశంలో ఇంకో నాలుగు చోట్ల దొరుకుతుంది. పారేసింది మాత్రం ఎక్కడా దొరకదు.

దీనివల్ల పోయేదేమిటో ఒక్క ఉదాహరణ చాలు. పెళ్లి బృందం ట్రాక్టర్ బోల్తా పడిందనుకోండి. మెయిన్ పేపర్‌లో "ఏడుగురు దుర్మరణం" అని వస్తుంది. జిల్లా పేజీలో ఆ ఏడుగురి పేర్లు, ఇంటిపేర్లతో సహా, వయసులు, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరికి ఎందరు పిల్లలో, ఏ ఊరి నుంచి ఏ ఊరికి బయల్దేరారో, ఆ మలుపులో అంతకుముందు ఎన్ని ప్రమాదాలు జరిగాయో ఉంటుంది. 1997, 98లో వరంగల్ వైపు పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోతున్నప్పుడు ఆ మరణాలు సింగిల్ కాలమ్ వార్తలుగా రోజూ వచ్చేవి. పేరు, ఎన్ని ఎకరాలు, ఎంత అప్పు, ఎవరి దగ్గర. ఒక్కో వార్త చూస్తే చిన్నది. ఒక సీజన్ వార్తలన్నీ వరసగా పెట్టి చదివితే ప్రభుత్వ నివేదిక ఏదీ చెప్పనంత స్పష్టంగా ఆ పంట కథ తెలుస్తుంది. ఆ వరస పెట్టడానికి ఇప్పుడు కాగితాలు లేవు.

చట్టం లేక కాదు. పుస్తకాలు గ్రంథాలయాలకు ఇవ్వాలన్న 1954 నాటి కేంద్ర చట్టంలో 1956లో పత్రికలను కూడా చేర్చారు. ఆ కాపీలు వెళ్లేది కోల్‌కతాకు, చెన్నైకి, ముంబైకి, ఢిల్లీకి. తెలుగు జిల్లా కేంద్రం ఒక్కటీ ఆ జాబితాలో లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆంధ్రపత్రిక, కృష్ణా పత్రిక పేజీలు ఇంట్లో కూర్చుని చదవగలగడం చిన్న మేలు కాదు, ఆ పని చేసినవాళ్లకు దండం పెట్టాలి. కానీ అక్కడ కూడా దృష్టి పాత మహాపత్రికల మీదే. 1920ల నాటి బందరు గురించి ఇవాళ చదువుకోవచ్చు. 1995 నాటి బందరులో ఏం జరిగిందో రోజువారీగా చదవాలంటే దారి లేదు.

ఈ-పేపర్ ఉంది కదా అంటారు. అది చందాకు, సర్వర్‌కు, యాజమాన్యం దయకు లోబడి ఉండేది. చాలావాటిలో కొన్నేళ్ల వెనక్కి పోవడానికే వీలుండదు. పైగా నేను అడుగుతున్న కాలం, టాబ్లాయిడ్ మొదలైన 1989 నుంచి మొదటి పదిహేనేళ్లు, చాలావరకు ఈ-పేపర్‌కు ముందుది.

2020లో కరోనా వచ్చింది. ప్రకటనలు ఆగిపోయాయి, చాలా పత్రికలు టాబ్లాయిడ్‌ను విడిగా వేయడం మానేసి, జిల్లా వార్తలను మెయిన్ పేపర్ లోపలికి కుదించాయి. కరోనా తగ్గినా ఆ పేజీలు మునుపటిలా తిరిగి రాలేదు. ఇప్పుడు ఊరి వార్త వాట్సాప్ గ్రూపులో, యూట్యూబ్ చానల్‌లో వస్తోంది. వేగంగా వస్తోంది, నిజమే. కానీ ఫార్వర్డ్ అయిన వార్తను ఎవరు రాశారో, తప్పయితే ఎవరిని నిలదీయాలో తెలియదు. రేపటికి అది ఫోన్‌లోంచి డిలీట్ అయిపోతుంది. బస్సు కవర్‌లో వచ్చిన వార్తకు కనీసం ఒక డెస్కు, ఒక అచ్చు, ఒక తారీఖు ఉండేవి.

అందుకే రెండు పనులు ఇప్పుడే జరగాలని నా వాదన. మొదటిది, రిటైరైన కంట్రిబ్యూటర్ల దగ్గరికి వెళ్లడం. లైన్ అకౌంట్ కోసం కత్తిరించి అంటించిన కటింగుల నకళ్లు, పేపర్లు చాలామంది ఇళ్లలో అటకల మీద ఉన్నాయి. గ్రంథాలయాలు దాచనిది డబ్బు లెక్క కోసం వీళ్లు దాచారు. వాటిలో మండలం పేరు, తారీఖు వరసగా ఉంటాయి. ఇంతకంటే మంచి ఆర్కైవ్ ఎక్కడా లేదు. ఆ మనుషుల్లో చాలామంది ఇప్పుడు డెబ్భై దాటినవాళ్లు. ఇల్లు మారేటప్పుడో, మనిషి పోయాక అటక దులిపేటప్పుడో అవి పోతాయి. మీ నాన్నగారో మేనమామో విలేకరిగా చేసి ఉంటే ముందు ఆ కట్ట విప్పి ఫోన్‌తోనైనా ఫొటోలు తీయండి. ఏ వార్త వెనుక ఏం జరిగిందో ఆయన నోటితో చెప్పించి రికార్డు చేయండి. జర్నలిజం చదివే పిల్లలకు ప్రాజెక్టులు ఇచ్చే మాస్టార్లు కూడా మహాసంపాదకుల మీద మరో వ్యాసం రాయించే బదులు, ఒక మండలం, ఒక విలేకరి, పదేళ్ల కటింగులు అని ఇస్తే ఎంత బాగుంటుంది.

రెండోది గ్రంథాలయాల పని. ఇది ఖర్చుతో కూడుకున్నదని, ఎవరు చేస్తారని అంటారు. వేటపాలెం చూడండి. ఊళ్లో కొందరు కలిసి 1918లో సారస్వత నికేతనం మొదలుపెట్టారు. 1929లో గాంధీ గారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికలు చూడాలంటే పరిశోధకులు ఇవాళ్టికీ ఆ ఊరే వెళతారు. ఒక ఊరు అనుకుని చేసిన పని అది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఉన్న మనకు చేతకాదా? 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతూనే ఉన్నాం. మీ మున్సిపాలిటీ ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు కడుతోందో లేదో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి. కడుతుంటే, అందులోంచి జిల్లా ఎడిషన్లన్నిటినీ, సైజు ఏదైనా సరే, నెలకొకసారి బైండు చేయించమని, ఇప్పటిదాకా మిగిలిన టాబ్లాయిడ్లను తూకానికి వేయకుండా వేరే బీరువాలో పెట్టమని రాతపూర్వకంగా కోరండి. నేను మా జిల్లాలో ఆ అర్జీ ఇచ్చాను. జవాబు ఇంకా రాలేదు, మళ్లీ వెళ్తాను.